దారపు పూలు

పాఠ్యభాగ నేపథ్యం

చేతిపనులను గురించి చదివేటప్పుడు వాటి అందాన్ని మెచ్చుకోవడంతోనే తృప్తి పడటం పరిపాటి. ఆ అందం వెనుక ఎవరి శ్రమ ఉన్నది, ఆ శ్రమకు తగిన విలువ లభించిందా అన్న ప్రశ్న అరుదుగా తలెత్తుతుంది. దారంతో పూలు అల్లే కళ ఎటువంటిదో, అది ఐర్లండులో ఎలా వికసించిందో, గోదావరి తీరంలోని నరసాపురంలో ఎలా స్థిరపడిందో ఈ వ్యాసం తెలుపుతుంది. ఆ కళకు జీవం పోసిన స్త్రీల శ్రమను గౌరవించే దృష్టిని విద్యార్థులలో పెంపొందించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

పూజకు పూవు, పెండ్లికి పూవు, చివరి వీడ్కోలుకూ పూవే. మనిషి జీవితంలోని ప్రతి ఘట్టంతోనూ పూవుకు సంబంధం ఉన్నది. అయితే పూవు ఆయుష్షు స్వల్పం. ఉదయం విరిసినది సాయంకాలానికి వాడుతుంది. వాడిపోయే సౌందర్యాన్ని వాడకుండా నిలుపుకోవాలన్న కోరికతోనే మానవుడు పూవును తన కళలన్నింటిలోకి ఆహ్వానించాడు. దేవాలయ స్తంభాల మీద అది రాతిపూవైంది. కలంకారీ వస్త్రాల మీద రంగుల పూవైంది. కొక్కెపు సూది కొనకు చిక్కి దారపు పూవైంది.

ప్రాచీన భారతీయులు కళలను అరవై నాలుగుగా లెక్కించారు. వాత్స్యాయనుడు చెప్పిన పట్టికలో సంగీత సాహిత్యాదులతో పాటు పూలదండలు కూర్చే మాల్యగ్రథనం ఉన్నది. సూదిపనికి సంబంధించిన సూచీవానకర్మ ఉన్నది. దారంతో వింతలు చూపే సూత్రక్రీడ కూడ ఉన్నది. తెలుగు ప్రబంధ కవులు పుష్పలావికలకు, అంటే పూలమ్మే యువతులకు, తమ కావ్యాలలో స్థానం కల్పించారు. పూవును దారంతో కూర్చడమూ, దారాన్ని సూదితో పనిచేయించడమూ కళలుగా గుర్తింపు పొందిన సంప్రదాయం మనది. ఆ రెండింటినీ ఒక్కటి చేసి, దారాన్నే పూవుగా మలిచే విద్య మాత్రం మన దేశానికి తరువాతి కాలంలో వచ్చింది.

నేత, కుట్టు, అల్లిక అనే మూడు మాటలను సాధారణ వ్యవహారంలో కలగలిపి వాడుతుంటారు. నిజానికి ఇవి మూడు వేరువేరు పనులు. నిలువు పోగులకు అడ్డంగా పేకపోగును పోనిచ్చి గుడ్డను తయారుచేయడం నేత. తయారైన గుడ్డమీద సూదితో చేసే పని కుట్టు. మగ్గంతోను, గుడ్డతోను నిమిత్తం లేకుండా, దారాన్ని ముడులుగా, ఉచ్చులుగా మెలివేసి ఒక వస్తువును రూపొందించడం అల్లిక. అల్లికలోనూ రెండు రీతులున్నాయి. చలికాలంలో ధరించే స్వెట్టర్లను రెండు సూదులతో అల్లుతారు. అక్కడ ఒక వరుసలోని ఉచ్చులన్నీ ఒకేసారి సూది మీద నిలిచి ఉంటాయి. రెండవ రీతి క్రోషే. కొక్కెం అనే అర్థం గల ఫ్రెంచి మాటనుంచి దానికి ఆ పేరు వచ్చింది. కొనకు చిన్న వంపు ఉన్న ఒకే ఒక సూదితో, ఒక ఉచ్చులోనుంచి మరొక ఉచ్చును లాగుతూ సాగే అల్లిక ఇది. సాధారణంగా సూది మీద నిలిచి ఉండేది ఒక్క ఉచ్చే కాబట్టి అల్లేవారు ఎటు కావలిస్తే అటు తిరగవచ్చు. వలయంగా తిరగవచ్చు, వెనుకకు మళ్లవచ్చు, పైపొర మీదకు ఎక్కవచ్చు. పూవు అల్లడానికి ఈ స్వేచ్ఛ అత్యవసరం.

ఒక చిన్న పూవు ఎలా రూపొందుతుందో గమనిస్తే ఈ కళలోని క్రమశిక్షణ బోధపడుతుంది. మొదట 6 గొలుసు కుట్లు అల్లి, చివరి కుట్టును మొదటి కుట్టుతో కలుపుతారు. దానితో చిన్న వలయం ఏర్పడుతుంది. ఆ వలయంలోకి సూదిని పోనిచ్చి 12 పొట్టి కుట్లు వేస్తే పూవు నడిమి భాగం సిద్ధమవుతుంది. తరువాతి వరుసలో ఒక కుట్టు విడిచి ఒక కుట్టులో బిగిస్తూ, నడుమ మూడేసి గొలుసు కుట్లు వేస్తే 6 చిన్న తోరణాలు ఏర్పడతాయి. ఒక్కొక్క తోరణం ఒక్కొక్క రేకుకు పునాది. ఆ తోరణంలో మొదట ఒక పొట్టి కుట్టు, తరువాత ఒక మధ్యరకం కుట్టు, నడుమ 3 పొడవు కుట్లు, మళ్లీ ఒక మధ్యరకం కుట్టు, చివర ఒక పొట్టి కుట్టు వేస్తారు. కుట్లు క్రమంగా పొడవై, క్రమంగా పొట్టివి కావడం వల్ల రేకు గుండ్రంగా ఒంపు తిరుగుతుంది. ఆరు తోరణాలు పూర్తయ్యేసరికి ఆరు రేకులు విచ్చుకుంటాయి. ఈ రేకుల వెనుకవైపున ఇంకొంచెం పెద్ద తోరణాలు కట్టి, వాటిలో మరిన్ని కుట్లు వేస్తే ముద్దపూవు తయారవుతుంది. ఇందులో ఒక్క కుట్టు తప్పినా రేకు వంకర పోతుంది. అల్లికలో లెక్కకూ అందానికీ విడదీయరాని బంధం ఉన్నది.

ఆ లెక్కను మరికొంత లోతుగా పరిశీలించవచ్చు. పై పూవులో 12 కుట్ల వలయం మీద రేకులన్నీ కలిపి 42 కుట్లు వచ్చి చేరాయి. వరుస వరుసకు పెరిగే కుట్లు వలయం చుట్టుకొలతకు సరిగ్గా సరిపోతే అల్లిక బల్లపరుపుగా ఉంటుంది. అంతకంటె తక్కువైతే అంచులు పైకి లేచి గిన్నెవలె, ఉమ్మెత్తపూవువలె లోతు ఏర్పడుతుంది. ఎక్కువైతే చోటు చాలక అంచు కుచ్చిళ్లుగా అలలు తేలుతుంది. సామాన్య గృహిణి చేతివేళ్లకు అనుభవం వల్ల తెలిసిన ఈ సత్యం గణితశాస్త్రానికీ ఉపయోగపడింది. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన లాట్వియా దేశపు గణిత శాస్త్రజ్ఞురాలు డైనా టైమిన్యా 1997లో అతిపరావలయ తలాన్ని, అంటే ప్రతిచోటా జీనువలె వంపు తిరిగి ఉండే తలాన్ని, క్రోషే అల్లికతో రూపొందించారు. కాగితంతో చేసిన నమూనాలు సులువుగా చిరిగిపోతుండగా, దారపు నమూనాను చేతిలోకి తీసుకొని మడిచి చూడటం, దాని మీద గీతలు కుట్టి చూపడం సాధ్యమైంది. వంటింటి పక్కన కూర్చొని చేసే పనిలో ఇంతటి శాస్త్రం ఇమిడి ఉన్నదని ఆ నమూనా చాటింది.

అడవిపూలను, గడ్డిపూలను దారంతో అల్లదలచిన వారికి లెక్కతో పాటు చూపు కూడ కావాలి. తంగేడు పూవుకు ఐదు పసుపుపచ్చని రేకులుంటాయి. అవి అన్నీ ఒకే కొలతలో ఉండవు. ఆ స్వల్పభేదాన్ని అల్లికలో చూపకపోతే అది తంగేడు కాదు, ఏదో ఒక పచ్చపూవు మాత్రమే. బాటల పక్కన పెరిగే గడ్డిచామంతి నడుమ పసుపు బొట్టువలె ఉంటుంది. చుట్టూ ఉన్న కొద్దిపాటి లేతరంగు రేకుల కొనలు మూడు పళ్లుగా చీలి ఉంటాయి. గునుగు పూవుకు విడివిడి రేకులు కంటికి ఆనవు. దానికి వెండి వన్నె కంకిని అనుకరించే మరొక పద్ధతి అవసరం. బతుకమ్మను పేర్చే చేతులకు తంగేడు, గునుగుల పోలికలు చిన్ననాటినుంచీ పరిచితమే. ప్రతిరోజూ తొక్కుకుంటూ పోయే గడ్డిపూవును ఒక్కసారి అల్లడానికి ప్రయత్నించినవారు దానిని మళ్లీ అనాదరంగా చూడలేరు. అల్లిక ఆ విధంగా ప్రకృతి పరిశీలనకు పాఠశాల.

పూలను విడివిడిగా అల్లి, వాటిని సన్నని వలవంటి అల్లికతో కలిపే పద్ధతికి ప్రపంచ ప్రఖ్యాతి తెచ్చిన దేశం ఐర్లండు. అది సంపన్నుల వినోదంగా కాక, ఆకలితో అలమటించిన వారి ఆసరాగా వ్యాపించింది. 1845లో ఆ దేశపు బంగాళాదుంప పంటకు తెగులు సోకింది. బంగాళాదుంపే ప్రధానాహారమైన పేదప్రజలు 1852 వరకు ఘోరమైన కరవును అనుభవించారు. ఆ కరవులో సుమారు 10 లక్షల మంది మరణించారు. అంతకు తక్కువ కాని సంఖ్యలో ప్రజలు దేశం విడిచి వెళ్లారు. అటువంటి దుర్దినాలలో కార్క్ నగర ప్రాంతంలోని సన్యాసినుల మఠాలు స్త్రీలకు, బాలికలకు క్రోషే అల్లిక నేర్పాయి. 1847లో క్లోన్స్ అనే పట్టణంలో కసాండ్రా హాండ్ అనే మతాచార్యుని భార్య ఇదే పనిని ప్రారంభించారు. ఇటలీలో సూదితో నెలల తరబడి శ్రమించి చేసే వెనిస్ లేసు సంపన్నులకు ఎంతో ప్రీతిపాత్రం. దానిని పోలిన అందాన్ని కొక్కెపు సూదితో తక్కువ కాలంలో సాధించడం ఐరిష్ స్త్రీల ఘనత. గులాబి, మూడాకుల క్లోవరు, తీగలు, ఆకులు వారి అల్లికలో ప్రాణం పోసుకున్నాయి. పట్టెడు గింజలకోసం అల్లిన ఆ పూలు ఐరోపాలోని సంపన్న వనితల దుస్తులను అలంకరించాయి.

తెలుగునాట ఈ విద్యకు పుట్టినిల్లు వంటిది నరసాపురం. వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే చోటికి చేరువలో ఉన్న ఈ పట్టణం 17వ శతాబ్దిలో నౌకానిర్మాణానికి పేరుపొందిన రేవు. డెల్టాలోని నేత వస్త్రాలు ఆనాడే సముద్రాలు దాటేవి. 19వ శతాబ్దిలో ఇక్కడికి వచ్చిన క్రైస్తవ మిషనరీ మహిళలు స్థానిక స్త్రీలకు లేసు అల్లిక నేర్పారు. పేదకుటుంబాల స్త్రీలు నాలుగు డబ్బులు సంపాదించుకోవడానికి అది మార్గమైంది. మొదట మిషనరీల ద్వారా వారి స్వదేశాలకు పోయిన లేసు, క్రమంగా వ్యాపార వస్తువుగా మారింది. నరసాపురం, పాలకొల్లు పరిసర గ్రామాలలోను, నది కావలి ఒడ్డున ఉన్న కోనసీమలోను ఇంటింటా లేసు సూది ప్రవేశించింది. బల్లగుడ్డలు, దుప్పట్లు, దిండు గలీబులు, తెరలు, దుస్తుల అంచులు ఇక్కడినుంచి అనేక దేశాలకు ఎగుమతి అయ్యాయి.

ఈ పనికి ఖరీదైన పరికరాలు అక్కరలేదు. ఒక సూది, ఒక దారపుండ, పట్టుదల ఉంటే చాలు. ఇంటి అరుగుమీద కూర్చొని, ఊయలలోని బిడ్డను ఊపుతూ, పొయ్యిమీది ఎసటిని కనిపెడుతూ చేయవచ్చు. తల్లీకూతుళ్లు ఒకేచోట కూర్చొని అల్లుకోవచ్చు. అందువల్లనే తల్లినుంచి కూతురికి, అత్తనుంచి కోడలికి ఈ విద్య పుస్తకంతో పని లేకుండా సంక్రమించింది. ఒకరు పూవులు మాత్రమే అల్లుతారు. వేరొకరు వాటిని అతుకుతారు. మరొకరు అంచు కడతారు. వ్యాపారి తరఫున దారం తెచ్చి ఇచ్చే వ్యక్తి ఇంటింటికి తిరిగి పూర్తయిన ముక్కలను పోగుచేసుకొని, లెక్క ప్రకారం కూలి ఇస్తాడు. ఒక బల్లగుడ్డ సంపూర్ణ రూపం ఎలా ఉంటుందో, అది ఏ దేశపు ఏ ఇంటికి చేరుతుందో దాని పూలను అల్లిన స్త్రీ ఎన్నడూ చూడకపోవచ్చు.

ఇంటిలో కూర్చొని చేయగల సౌలభ్యమే ఈ కళాకారిణుల పాలిట శాపంగా కూడ పరిణమించింది. ఈ విషయాన్ని లోకం దృష్టికి తెచ్చినవారు జర్మనీకి చెందిన సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ (1931–2023). ఆమె 1970వ దశకం చివరి భాగంలో నరసాపురం ప్రాంతంలో పరిశోధన జరిపి, ‘ది లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్’ అనే గ్రంథాన్ని 1982లో వెలువరించారు. ఇంటి చాకిరీకి తోడు రోజుకు ఆరేడు గంటలు, ఒక్కొక్కసారి అంతకు మించి, లేసు అల్లే స్త్రీలను ఆమె చూశారు. అయినా సమాజం వారిని శ్రామికులుగా లెక్కించలేదు. వారు ‘గృహిణులు’. వారు చేసేది ‘తీరిక సమయపు పని’. ఈ రెండు మాటలు కూలిని తగ్గించడానికి చక్కగా ఉపకరించాయి. వారికి దక్కే ప్రతిఫలం వ్యవసాయ కూలీలకు నిర్ణయించిన కనీస వేతనం కంటె కూడ తక్కువ. మరొకవైపు లేసు ఎగుమతి వ్యాపారం పెరిగింది. ఆ వ్యాపారం దాదాపుగా పురుషుల చేతిలోనే ఉన్నది. విదేశీమారక ద్రవ్యం ఆర్జించి పెట్టే సరుకును తయారుచేస్తున్న స్త్రీకి తాను పనిచేస్తున్నానన్న గుర్తింపు సైతం లభించలేదు.

ఇక్కడ ఒక సందేహం కలుగవచ్చు. ఇంట ఉండి నాలుగు రూపాయలు సంపాదించడం మేలే కదా అని కొందరు భావిస్తారు. లేసు సంపాదన ఎన్నో ఇండ్లలో పిల్లల చదువుకు, పూట గడవడానికి ఆధారమైన మాట వాస్తవం. బయటికి వెళ్లి పనిచేయడానికి కట్టుబాట్లు అడ్డుపడిన స్త్రీలకు అది ఏకైక జీవనాధారమైన సందర్భాలూ ఉన్నాయి. కాని మేలు జరిగినంత మాత్రాన అన్యాయం అన్యాయం కాకుండా పోదు. పొలంలో నాటిన నారుకు కూలి లెక్క ఉన్నప్పుడు అరుగుమీద అల్లిన పూవుకు ఎందుకు ఉండరాదు? పని జరిగిన చోటును బట్టి కాక, పట్టిన కాలాన్ని, చూపిన నైపుణ్యాన్ని బట్టి విలువ కట్టడమే ధర్మం.

యంత్రయుగంలో ఈ ప్రశ్నకు మరింత ప్రాధాన్యం ఉన్నది. రెండు సూదుల అల్లికను యంత్రాలు ఏనాడో నేర్చుకున్నాయి. లేసును పోలిన వస్త్రాన్ని కూడ అవి గజాల కొలదీ తయారుచేస్తున్నాయి. కాని కొక్కెపు సూది అల్లికను అచ్చంగా చేసే యంత్రం నేటికీ పరిశ్రమలలో వాడుకలోకి రాలేదు. క్రోషే పేరుతో నడిచే యంత్రాలు నిజానికి మరొక విధమైన అల్లికను చేస్తాయి. దూరంనుంచి చూస్తే రెండూ ఒకటిగానే కనిపిస్తాయి. అందుచేత యంత్రపు సరుకు చౌకధర చేతిపూవు ధరను కూడ కిందికి లాగుతుంది. దుకాణంలో నిజమైన క్రోషే పూవు అతి చౌకగా దొరికిందంటే, దానిని యంత్రం చేసిందని సరిపెట్టుకోవడానికి వీలు లేదు. ఎక్కడో ఒక స్త్రీ తన కాలాన్ని అతి చౌకగా అమ్ముకొన్నదని గ్రహించాలి.

కాలక్రమంలో కొన్ని మంచి మార్పులు వచ్చాయి. స్త్రీలు సంఘాలుగా ఏర్పడి సొంతంగా సరుకు అమ్ముకొనే ప్రయత్నాలు జరిగాయి. నరసాపురం చేరువలో లేసు వ్యాపార కేంద్రం వెలసింది. కొత్త నమూనాలలో శిక్షణ లభించింది. ప్రాంతీయ విశిష్టత గల వస్తువుల పేర్లను కాపాడటానికి 1999లో భారత పార్లమెంటు భౌగోళిక గుర్తింపు చట్టాన్ని ఆమోదించింది. 2024లో నరసాపురం క్రోషే లేసుకు ఆ చట్టం ప్రకారం గుర్తింపు లభించింది. వేరొక చోట తయారైన సరుకును నరసాపురం లేసు అని చెప్పి అమ్మడం దీనివల్ల చట్టవిరుద్ధమవుతుంది. ఇది హర్షించదగిన పరిణామం. అయితే ఆ చట్టం పేరును కాపాడుతుంది కాని, కూలిని నిర్ణయించదు. ఆ పేరువల్ల పెరిగే ధరలో న్యాయమైన భాగం అల్లిన చేతికి అందినప్పుడే గుర్తింపు సార్థకమవుతుంది.

తోటలోని పూవును ప్రకృతి పూయిస్తుంది. దారపు పూవును మనిషి ఓర్పు పూయిస్తుంది. దాని ప్రతి రేకులోను లెక్కపెట్టిన కుట్లున్నాయి, ఒంగిన మెడ ఉన్నది, దీపం వెలుగులో అలసిన కన్నులున్నాయి. ఆ పూవును చూచి ‘ఎంత అందంగా ఉన్నది’ అనడం సహృదయత. ‘దీనిని అల్లినవారికి ఎంత ముట్టింది’ అని అడగడం బాధ్యత. ఈ రెండూ కలిసినచోటనే కళ నిలుస్తుంది, కళాకారిణి కూడ నిలుస్తుంది.

కఠిన పదాలు – అర్థాలు

పరిపాటి = అలవాటు, వాడుక
మాల్యగ్రథనం = పూలదండలు కూర్చడం
పుష్పలావికలు = పూలు కోసి, కూర్చి అమ్మే స్త్రీలు
పేకపోగు = నేతలో అడ్డంగా పోనిచ్చే దారం
నిమిత్తం = సంబంధం, కారణం
వలయం = గుండ్రని చుట్టు
పరిచితం = తెలిసినది
అనాదరం = లెక్కచేయకపోవడం
ఎసరు = అన్నం వండటానికి మరిగించే నీరు
సంక్రమించు = ఒకరినుంచి మరొకరికి చేరు
ప్రతిఫలం = చేసిన పనికి లభించే విలువ
సార్థకం = ప్రయోజనం నెరవేరినది
సహృదయత = ఇతరుల భావాన్ని, కళను గ్రహించగల మంచి మనసు

అభ్యాసం

I. వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. దారపు పూల కళ ఐర్లండులోను, నరసాపురంలోను వ్యాపించిన తీరును పోల్చి వివరించండి.
2. ‘ఇంటిలో కూర్చొని చేయగల సౌలభ్యమే ఈ కళాకారిణుల పాలిట శాపంగా కూడ పరిణమించింది’ – ఈ అభిప్రాయాన్ని పాఠం ఆధారంగా సమర్థించండి.

II. సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. నేత, కుట్టు, అల్లికల మధ్య భేదాలను తెలపండి.
2. అల్లికలో లెక్కకూ అందానికీ ఉన్న సంబంధం ఏమిటి?
3. భౌగోళిక గుర్తింపు వల్ల కలిగే ప్రయోజనాన్ని, దాని పరిమితిని వివరించండి.

III. ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. క్రోషే అనే పేరుకు మూలమైన మాటకు అర్థమేమి?
2. క్లోన్స్ పట్టణంలో క్రోషే అల్లికను ప్రారంభించినవారెవరు?
3. డైనా టైమిన్యా దేనిని క్రోషే అల్లికతో రూపొందించారు?
4. మరియా మీస్ గ్రంథం ఏ సంవత్సరంలో వెలువడింది?

IV. సందర్భసహిత వ్యాఖ్యలు
1. అల్లిక ఆ విధంగా ప్రకృతి పరిశీలనకు పాఠశాల.
2. మేలు జరిగినంత మాత్రాన అన్యాయం అన్యాయం కాకుండా పోదు.

V. భాషాంశాలు
సంధులు:
జీవనాధారం = జీవన + ఆధారం – సవర్ణదీర్ఘ సంధి
అత్యవసరం = అతి + అవసరం – యణాదేశ సంధి
ఏకైక = ఏక + ఏక – వృద్ధి సంధి

సమాసాలు:
తల్లీకూతుళ్లు – తల్లియు, కూతురును – ద్వంద్వ సమాసం
ఆరు రేకులు – ఆరు సంఖ్య గల రేకులు – ద్విగు సమాసం
ప్రకృతి పరిశీలన – ప్రకృతి యొక్క పరిశీలన – షష్ఠీ తత్పురుష సమాసం

VI. ప్రాజెక్టు పని
మీ ఇంటిలోగాని, మీ ఊరిలోగాని చేతిపని చేసే ఒక స్త్రీని కలిసి, ఒక వస్తువు తయారీకి పట్టే కాలం, అయ్యే ఖర్చు, చేతికి వచ్చే ప్రతిఫలం తెలుసుకొని ఒక నివేదిక రాయండి.